ముఖం మనది, ఫొటో ఎవరిది?

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా కార్వేటినగరం చుట్టుపక్కల యానాది కాలనీల పిల్లలు అయిదుగురు కలిసి ఒక వెబ్‌సైటు తయారు చేశారు. ముగ్గురు డిగ్రీ చదివేవాళ్ళు, ఇద్దరు టీచరు ట్రైనింగు పిల్లలు. మన కులం చరిత్ర, మన ఆకు మందులు, మన పాటలు, మన పిల్లల చదువులు అన్నీ ఒకచోట ఉండాలని వాళ్ళ ఆశ. రాతలు బాగున్నాయి. ఎలుక బొరియకు కుండతో పొగపెట్టే పద్ధతి గురించి ఒక పిల్ల రాసింది చదివితే, పక్కన నిలబడి చూసినట్టే ఉంది. నన్ను తప్పులు దిద్దమన్నారు. రాతలో దిద్దడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. బొమ్మల దగ్గర ఆగిపోయాను.

మొత్తం ఇరవై మూడు బొమ్మలు. వాటిలో వీళ్ళు తమ ఫోన్లతో తీసినవి నాలుగు. మిగతా పంతొమ్మిదీ యాడివి అని అడిగితే, "గూగుల్లో దొరికినాయి సార్, సేవ్ చేసుకున్నాం" అన్నారు. నేను కూడా అప్పటికి పెద్దగా పట్టించుకోలేదు, ఆ మాట దాచుకోను. మూడో నెలలో ఒక ఈమెయిలు వచ్చింది. ఫొటోలు అమ్మే ఒక కంపెనీ తరఫున రాశారు. మొదటి పేజీలో పెట్టిన ఫొటో మా ఫొటోగ్రాఫరుది, అనుమతి లేకుండా వాడారు, వెంటనే తీసేయండి, ఇన్నాళ్ళు వాడుకున్నందుకు ఇంత కట్టండి అని.

ఆ ఫొటోలో ఉన్న ముసలామె ఈ అయిదుగురిలో ఒకడికి సొంత అవ్వ. గుడిసె ముందర కూర్చుని, చేతిలో రెండు ఎలుకలు పట్టుకుని, ఎండకు కళ్ళు చికిలించి ఉంటుంది. ఎన్నో ఏళ్ళ కింద ఎవరో కారులో వచ్చి తీసుకుపోయిన ఫొటో అది. "మా అవ్వ ఫొటో మేం పెట్టుకుంటే వాడికెందుకు దుడ్లు కట్టాల సార్?" అని వాడు నన్నడిగాడు.

వాడి కోపం న్యాయమైనదే. కానీ చట్టం వాడి పక్షాన లేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడం వల్లే ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది.

మన దేశంలో దీనికి చట్టం 1957 నాటి కాపీరైటు చట్టం. ఫొటో విషయంలో అది కర్త అనేది ఫొటో తీసినవాణ్ణి. ఫొటోలో ఉన్నవాణ్ణి కాదు. తీసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. ఎక్కడా రిజిస్టరు చేయించనక్కర లేదు, మూలన చిన్న గుర్తు వేయనక్కరా లేదు. కాబట్టి "దానిమీద పేరేమీ లేదు సార్" అనేది జవాబు కాదు. గూగుల్లో దొరికింది అనేది కూడా జవాబు కాదు. దండెం మీద ఆరేసిన చీర దారినపోయే వాళ్ళందరికీ కనబడుతుంది. కనబడింది కదా అని తీసుకుపోతామా? గూగుల్ ఆ దండెం ఎక్కడుందో చూపిస్తుంది, అంతే. ఇంకొకటి కూడా చెప్పాలి. మన పుస్తకాల్లో, పత్రికల్లో "సౌజన్యం: ఇంటర్నెట్" అని వేసే అలవాటు ఒకటుంది. ఇంటర్నెట్ అనే ఆసామి ఎవరికీ ఏదీ ఇవ్వలేదు. తీసినవాడి పేరు వేయడం మర్యాద, చట్టం ప్రకారం అది ఆయన హక్కు కూడా. అయితే పేరు వేసినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టు కాదు. అవి రెండూ వేరువేరు పనులు.

ఎన్నాళ్ళు ఈ హక్కు? 2012లో చట్టాన్ని సవరించారు. అంతకుముందు ఫొటోకు అచ్చయిన నాటి నుంచి 60 ఏళ్ళు. సవరణ తర్వాత, రచయితకు ఉన్నట్టే, తీసినవాడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. అప్పటికే గడువు తీరిపోయినవి మళ్ళీ బతకవు.

ఈ లెక్క పట్టుకుని ఆ పంతొమ్మిది బొమ్మలూ ఒక్కొక్కటీ చూద్దామని పిల్లలతో కూర్చున్నాను. రెండు సాయంత్రాలు పట్టింది. చట్టం కోసం మొదలుపెట్టాం గానీ, బొమ్మల సంగతి చట్టం దగ్గర ఆగలేదు.

చరిత్ర పేజీలో నాలుగు పాత బూడిద రంగు ఫొటోలున్నాయి. అవి ఎడ్గర్ థర్‌స్టన్ పుస్తకంలోవి. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా ఉన్న ఈ దొర, రంగాచారి సాయంతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. మన యానాదుల అధ్యాయం ఏడో సంపుటంలో ఉంది. ఆయన 1935లో చనిపోయాడు. ఏ లెక్కన చూసినా వాటి హక్కు తీరిపోయింది. ఎవరైనా వేసుకోవచ్చు, ఎవరినీ అడగనక్కర లేదు. పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు.

నేను పీల్చుకోలేదు. థర్‌స్టన్ మనుషుల తలలూ ముక్కులూ కొలిచే పరికరాలు పట్టుకుని తిరిగినవాడు. పోలీసులకు ఆ కొలతల విద్య మీద పాఠాలు చెప్పినవాడు. ఆ ఫొటోల్లో మనవాళ్ళు నిలబడిన తీరు చూడండి. కొలవడానికి నిలబెట్టినట్టు ఉంటారు. కింద మనిషి పేరుండదు, కులం పేరుంటుంది. అదే కాలంలో, 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. మన ఎరుకల అన్నదమ్ములు వేలిముద్రలిచ్చి, హాజరు వేయించుకుని బతికారు. 1952లో గానీ ఆ చట్టం పోలేదు. బొమ్మ తీయడం, కొలవడం, జాబితాలో ఎక్కించడం అప్పుడు ఒకే పనిలోని భాగాలు. అలాంటి ఫొటోను తెచ్చి, మన వెబ్‌సైటులో "మన పూర్వీకులు" అని పూలదండ అంచు గీసి పెట్టారు మా పిల్లలు. చట్టం దాన్ని తప్పనదు. నేనంటాను. వేయొద్దని కాదు. వేస్తే, ఎవరు తీశారు, ఎందుకు తీశారు, పేరెందుకు రాయలేదు అన్నది కింద రాసి వేయాలి. ఆ నాలుగు వాక్యాలు లేకపోతే థర్‌స్టన్ వ్యాఖ్యానాన్నే మనం మళ్ళీ అచ్చు వేసినట్టు.

ఇంకో మూడు ఫొటోలు చూడగానే నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. విల్లు పట్టుకున్న మనుషులు, కొండ మీద గుడిసెలు. కింద "యానాదుల జీవనం" అని ఉంది. వాళ్ళు యానాదులు కారు, నల్లమల చెంచులు. తీసింది హైమండార్ఫ్. ఆస్ట్రియా నుంచి వచ్చి నిజాం రాజ్యంలో చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, గోండుల మధ్య ఏళ్ళకేళ్ళు తిరిగిన పరిశోధకుడు. చెంచుల మీద ఆయన పుస్తకం 1943లో వచ్చింది. ఆయన ఫొటోల భాండారం ఇప్పుడు లండన్‌లోని సోయాస్ లైబ్రరీలో ఉంది. 1943 పుస్తకంలో అచ్చయిన బొమ్మలకు మన దేశంలో పాత అరవై ఏళ్ళ లెక్కే వర్తిస్తుంది, అది ఎప్పుడో తీరిపోయింది. అచ్చుకాకుండా పెట్టెలో ఉండిపోయి, ఆలస్యంగా బయటికొచ్చిన ఫొటోల సంగతి వేరు. ఆయన 1995లో చనిపోయాడు. కాబట్టి వాటికి 2055 దాకా హక్కు నడుస్తుంది. ఒకే మనిషి, ఒకే గూడెంలో, ఒకే పొద్దున తీసిన రెండు ఫొటోల్లో ఒకటి మనం స్వేచ్ఛగా వాడుకోవచ్చు, ఇంకొకటి అడిగి వాడాలి. చెంచు తాత ముఖం రెంటిలోనూ ఒకటే.

హైమండార్ఫ్‌ను నేను థర్‌స్టన్‌తో ఒక గాట కట్టను. ఆయన ఫొటోల్లో మనుషులు పని చేస్తుంటారు, మాట్లాడుకుంటుంటారు, కెమెరాను మరిచిపోయి ఉంటారు. కానీ వాటిని తెచ్చి, చెంచుల్ని యానాదులుగా చూపించిన తప్పు ఆయనది కాదు, మాది. అడవిలో విల్లు పట్టుకున్నవాడెవడైనా గిరిజనుడే, ఏ గిరిజనుడైతే ఏముందిలే అనే చూపు బయటివాళ్ళదని మనం తిడుతుంటాం. అదే చూపు మన పిల్లల మౌసు కింద ఉంది. చెరువులు, కాలువలు, పొలాల గట్లు పట్టుకుని బతికిన జాతి మనది. విల్లు బాగుంటుందని ఆ బతుకును దాచేశాం.

మిగతా వాటిలో రెండు పాముల ఫొటోలు. తమిళనాడు ఇరుళర్లవి. మహాబలిపురం దారిలో 1978లో ఇరుళర్లు పెట్టుకున్న పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం ఉంది. విషం తీసి, పాముల్ని మళ్ళీ వదిలేస్తారు. ఆ విషం పాముకాటు మందుకు పోతుంది. ఇద్దరు ఇరుళర్ పెద్దలకు, వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు, 2023లో పద్మశ్రీ వచ్చింది. అంత పనిని చెప్పే రాత ఒక్క వాక్యం కూడా పక్కన లేదు. పడగ విప్పిన పాము మాత్రం ఉంది. ఇది వార్తాసంస్థ ఫొటో, హక్కు బతికే ఉంది. తీసేశాం.

నన్ను నిద్రపోనివ్వని ఫొటో ఇంకొకటి. ఏదో సంస్థ నివేదికలోది. వెట్టి నుంచి విడిపించిన పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు, ముఖాలు స్పష్టంగా తెలుస్తున్నాయి. దీన్ని "మన కష్టాలు" అనే పేజీలో పెట్టారు. దీనికి కాపీరైటు ఒక్కటే అడ్డం కాదు. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షను ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల్నీ, బాధితులైన పిల్లల్నీ గుర్తుపట్టేలా పేరు గానీ, బడి గానీ, ఫొటో గానీ ప్రచురించకూడదు. ఆ సంస్థ అనుమతి ఇచ్చినా మనం వేయకూడదు. టీచర్లుగా ఇది మనం మొదట తెలుసుకోవలసింది. బడిలో, హాస్టల్లో పిల్లల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంచే అలవాటు మనకూ ఉంది కదా.

టీచర్ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్తాను. పాఠం చెప్పే క్రమంలో టీచరు గానీ విద్యార్థి గానీ ఒక బొమ్మను వాడుకోవడానికి 52వ సెక్షను వెసులుబాటు ఇస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ దగ్గరి రామేశ్వరి ఫొటోకాపీ కొట్టు మీద పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేస్తే, 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ వెసులుబాటును చాలా విశాలంగా చదివింది. విమర్శకూ, సమీక్షకూ కూడా న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. ఈ వ్యాసంలో అవ్వ ఫొటో వేసి, దాన్ని విమర్శిస్తే అది విమర్శ కిందికి వస్తుందనే నా నమ్మకం. తరగతి గోడ మీద ప్రొజెక్టర్‌తో చూపిస్తే అది పాఠం. లోకమంతా చూసే వెబ్‌సైటు మొదటి పేజీలో అలంకారంగా పెడితే అది పాఠమూ కాదు, విమర్శా కాదు. మా పిల్లలు చేసింది మూడోది.

ఊరి పేజీ దగ్గర కాస్త సంతోషం దొరికింది. కాడు వెట్టి, అంటే అడవి నరికి, కట్టిన నగరం కాబట్టి కార్వేటినగరం అయిందని ఇక్కడ చెప్పుకుంటారు. రాజులు కట్టించిన స్కంద పుష్కరిణి ఫొటో ఒకటి పెట్టారు. అది వికీమీడియా కామన్స్ నుంచి తెచ్చింది. తీసినవాడే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఇచ్చి పెట్టాడు. వాడుకోవచ్చు, కానీ షరతులున్నాయి. తీసినవాడి పేరు వేయాలి, లైసెన్సు పేరు వేయాలి, మార్చి వాడితే అదే లైసెన్సు కింద మళ్ళీ ఇవ్వాలి. మా పిల్లలు అంచులు కత్తిరించి, రంగు మార్చి, పేరు తీసేసి పెట్టారు. ఉచితంగా ఇచ్చినవాడి పేరు కూడా వేయకపోవడం కంటే చిన్నతనం ఇంకోటి లేదు. అయినా, పుష్కరిణి ఊళ్ళోనే ఉంది! సైకిలేసుకుని పోయి తీసుకోవచ్చు. కట్టడాన్ని గానీ, బహిరంగ స్థలంలో ఉన్న శిల్పాన్ని గానీ ఫొటో తీయడానికి చట్టం అడ్డం రాదు. వేరేవాడు తీసిన ఫొటో వాడిదే, అదే స్థలాన్ని మనం తీసిన ఫొటో మనది.

ఇప్పుడు అవ్వ దగ్గరికి వస్తాను.

చట్టం ఇద్దర్ని చూస్తుంది. బటన్ నొక్కినవాణ్ణి, డబ్బు ఇచ్చినవాణ్ణి. పుత్తూరులో స్టూడియోకు పోయి, డబ్బు కట్టి మన పెళ్ళి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే ఆ ఫొటో మొదటి హక్కుదారు మనమే. 17వ సెక్షను ఆ మాట చెప్తుంది. సంస్థవాళ్ళు డబ్బిచ్చి ఫొటోగ్రాఫరును మన కాలనీకి పంపితే హక్కు ఆ సంస్థది. జీతానికి పనిచేసే పత్రిక ఫొటోగ్రాఫరు తీస్తే పత్రికకు. ఎదురుగా కూర్చున్న అవ్వకు ఎక్కడా చోటు లేదు. డబ్బిచ్చే చోట మనం ఎప్పుడు ఉన్నాం గనక!

ఇక్కడ చట్టంలో ఒక వింత ఉంది. ప్రదర్శకులకు అది వేరే హక్కు ఇచ్చింది. ప్రదర్శకుడంటే ఎవరో చెప్పే చోట నటుడు, గాయకుడు, నాట్యం చేసేవాడు, దొమ్మరాట ఆడేవాడు, గారడీవాడితో పాటు పాములాడించేవాడి పేరు కూడా రాశారు. వాళ్ళ అనుమతి లేకుండా ప్రదర్శనను రికార్డు చేయకూడదు, ఆ హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. అయితే దృశ్య రికార్డింగు అంటే కదిలే బొమ్మలు అని చట్టమే చెప్పింది. అంటే మన అవ్వ పాట పాడితే, దాన్ని వీడియో తీసినవాడు ఆమెను అడగాలి. ఊరికే కూర్చున్న అవ్వను ఫొటో తీస్తే ఈ చట్టం కింద అడగనక్కర లేదు. మన పాటలు, ఆటలు రికార్డు చేసుకుపోయే వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. సంతకం పెట్టమని కాగితం ఇస్తే అందులో ఏముందో చదివించుకోండి. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం అర్థం చేసుకుంటుంది. అందుకే తెలిసినవాళ్ళు "ఎప్పటికీ, ప్రపంచమంతటా" అని రాయించుకుంటారు.

అవ్వలాంటి కథ అమెరికాలో ఒకటుంది. 1936 మార్చిలో కాలిఫోర్నియాలో, బఠాణీ కోతకు వచ్చిన కూలీల డేరాల దగ్గర డొరోథియా లాంగే ఒక తల్లిని, పిల్లల్ని ఫొటో తీసింది. ప్రభుత్వ ఉద్యోగిగా తీసింది కాబట్టి ఆ ఫొటోకు అక్కడ కాపీరైటే లేదు, అందరిదీ. ప్రపంచంలో అందరూ చూసిన ఫొటోల్లో అదొకటి. పేరు "వలస తల్లి". ఆ తల్లి పేరు మాత్రం నలభై ఏళ్ళకు పైగా ఎవరికీ తెలీదు. 1978లో బయటపడింది, ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ఆమె చెరోకీ. అంటే మనలాంటి ఆదివాసి. ఆ ఫొటో వల్ల తనకు పైసా రాలేదని, తీయించుకోకుండా ఉండాల్సిందని ఆమె వాపోయింది. 1983లో చనిపోయింది. 1998లో ఆ ఫొటో తపాలా బిళ్ళగా వచ్చింది. కాపీరైటు ఉంటే ఫొటోగ్రాఫరుది, లేకపోతే లోకానిది. రెండు దార్లలోనూ కూర్చున్న మనిషి బయటే ఉంది.

మరి అవ్వకు ఏ రక్షణా లేదా? కొంత ఉంది, ఇంకో చట్టంలో ఉంది. 1994లో రాజగోపాల్ కేసులో, 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల పుట్టస్వామి తీర్పులో, సుప్రీంకోర్టు మనిషి ఏకాంతానికి హక్కు ఉందని చెప్పింది. అండమాన్‌లో జారవాల వీడియో బయటికొచ్చి గొడవయ్యాక, 2012లో అక్కడి నిబంధనల్ని గట్టి చేశారు. రిజర్వు ప్రాంతంలో వాళ్ళను ఫొటో తీయడం నేరం. కాబట్టి అడ్డుకోవడం చట్టానికి చేతకాని పనేమీ కాదు. కానీ ఆ రక్షణ వాళ్ళను మనకు కనబడకుండా కాపాడే రక్షణ. మనకు కావలసింది అది కాదు. మనం కనబడాలి, ఎట్లా కనబడాలో మనం చెప్పాలి.

అవ్వను వెళ్ళి అడిగాం. ఫోన్లో ఆ ఫొటో చూపించాం. చాలాసేపు చూసింది. "ఆ పొద్దు ఆయప్ప వచ్చినప్పుడు నేను వడ్లు చెరుగుతా ఉండానబ్బా" అంది. "చాట పక్కన పెట్టి ఎలకలు పట్టుకోమన్నాడు. అవి నేను పట్టినవి కూడా కాదు, పక్కింటోళ్ళవి." డబ్బు గురించి అడిగితే, యాభై రూపాయలు ఇచ్చినట్టు గుర్తంది. మనవడి కోపం ఆమెకు లేదు. ఆమె అడిగింది ఒక్కటే. "ఆ చీర చినిగి ఉండాది, అదెందుకు పెట్టినార్రా అందరికీ కనబడేట్టు?"

ఎలుకలు పట్టడం అవమానమని నేననను. పొలం కాపాడే పని, కడుపు నింపే పని. అవమానం వేరే చోట ఉంది. వడ్లు చెరిగే మనిషి చేతిలోంచి చాట తీసేసి ఎలుకలు పెట్టిన చోట ఉంది. ఆ ఫొటోగ్రాఫరు అబద్ధాన్ని తీశాడు, దానికి చట్టం హక్కు ఇచ్చింది, మన పిల్లలు దాన్ని తెచ్చి మొదటి పేజీలో పెట్టారు. నా ఫిర్యాదు ఈ వరసలో చివరివాళ్ళ మీద ఎక్కువ, ఎందుకంటే వాళ్ళకే అవ్వ ఇల్లు తెలుసు.

పిల్లలు ఆ కంపెనీకి ఉత్తరం రాశారు. తెలియక వాడాం, తీసేశాం, మాకు దీనిమీద రూపాయి రాబడి లేదు అని. లాభం కోసం చేయని సందర్భంలో శిక్ష తగ్గించే అధికారం కోర్టుకు ఉంది గానీ, అనుమతి లేకుండా వాడటం నేరం కాకుండా పోదు. ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా చట్టంలో ఉన్నాయి. ఆ సంగతి కూడా వాళ్ళకు చెప్పాను. అవ్వ ఎవరో, ఆ ఫొటో ఎట్లా తీశారో కూడా ఉత్తరంలో రాయమన్నాను. రాశారు. ఆ తర్వాత అక్కడి నుంచి మాట లేదు.

ఇప్పుడు ఆ వెబ్‌సైటులో పదిహేను బొమ్మలున్నాయి. పదమూడు వీళ్ళే తీసినవి. ప్రతిదాని కిందా తీసినవాళ్ళ పేరు, ఫొటోలో ఉన్నవాళ్ళ పేరు, వాళ్ళను అడిగిన తేదీ ఉన్నాయి. థర్‌స్టన్‌ది ఒకటి ఉంచారు, కింద పది వరసల రాతతో. పుష్కరిణి వికీ ఫొటో కూడా ఉంచారు, తీసినవాడి పేరుతో. మళ్ళీ పోయి తీయడానికి బద్ధకమట. అవ్వ కొత్త ఫొటో ఇంకా తీయలేదు. పండక్కి కూతురు కొత్త చీర తెస్తుందని, అప్పుడు రమ్మని చెప్పింది.